డ్రాప్ చెప్పడం

మా పుట్టింట్లో కనుమ రాత్రి పేకాట ఉండాల్సిందే. గారెలు తిని, వంటిల్లు సర్దుకుని, హాల్లో దుప్పటి పరిచి ఆరుగురం కూర్చుంటాం. రెండు పేకలు కలిపి పదమూడు ముక్కల రమ్మీ. పందెం చింతపిక్కలు. నేర్పింది మా అమ్మమ్మ.

ఆవిడ షో చెయ్యడం కంటే ముందు డ్రాప్ చెప్పడం నేర్పింది. మాది నూటొకటి ఆట. ముక్క తియ్యకముందే దించేస్తే 20. ఒకటి తీశాక దించితే 40. ఆశపడి చివరిదాకా కూర్చుని ఏదీ కలవకపోతే 80. 101 చేరితే అవుట్. "ఒక్క ఫుల్ కౌంటు నాలుగు డ్రాపుల పెట్టే!" అనేది. అలాగని అస్తమానం దించినా కుదరదు. ఐదు డ్రాపులకే వంద అవుతుంది, ఆరోదానికి చోటుండదు. అందుకే ఏ చెయ్యి ఆడాలో, ఏది వదలాలో తెలియాలి.

కళావరు 6, 7, 8 లాంటి లైఫ్ చేతిలోకే వచ్చిందా, ఆడొచ్చు. లైఫ్ లేకపోయినా ఒక జోకరూ, ఒకే గుర్తులో పక్కపక్క ముక్కలు రెండు మూడు జతలూ ఉంటే ఆడొచ్చు. 7కి ఇటు 5, 6, అటు 8, 9 అతుకుతాయి. ఆసుకీ రాజుకీ దారులు తక్కువ, పైగా ఒక్కోటీ పది పాయింట్లు. రెండు జోకర్లున్నాయని మురిసిపోకూడదు. లైఫ్ పడకపోతే కుదిరిన ముక్కలు కూడా లెక్కలోకొస్తాయి.

మా తమ్ముడికి ఇదంతా నాకంటే బాగా వచ్చు. పదేళ్ళప్పుడే ముక్కలు చూసి చటుక్కున డ్రాప్ అనేవాడు. నేనేమో "పిరికిపంద! మళ్ళీ దించేశాడు!" అని గోల చేసేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకి వాడు దించడం మానేశాడు. ఎంత చెత్త చెయ్యి వచ్చినా పౌరుషంగా ముక్క లాగేవాడు. ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

నాలుగేళ్ళ కిందట ఓ రాత్రి మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు ఫోన్లో రమ్మీ ఆడి మూడు లక్షల ఎనభై వేలు పోగొట్టారు" అని ఏడ్చింది. పిల్లాడి ఫీజు డబ్బులూ అందులోనే పోయాయి. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు గానీ, వాళ్ళుండేది బెంగళూరు.

నేను అడిగితే, "ఇది జూదం కాదక్కా. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది" అన్నాడు. నిజమే, అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసే. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని ఆ తీర్పులో ఉంది.

"మరి నీ నైపుణ్యం ఏమైందిరా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "మొదట్లో బాగానే దించేవాణ్ణి. పోవడం మొదలయ్యాక దించబుద్ధి కాలేదు. పోయినచోటే వెతుక్కోవాలంటారుగా" అన్నాడు.

ఆ సామెత వస్తువు పోయినప్పుడు పనికొస్తుందేమో. డబ్బు పోయినవాడికి మాత్రం ప్రతి చెయ్యీ ఆడదగిన చెయ్యిలాగే కనిపిస్తుంది. డ్రాప్ చెప్పాలంటే ఆ ఇరవై పోయిందని ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం చేతకాకే వాడు ఎనభైలు ఇచ్చుకుంటూ పోయాడు. చిన్నప్పుడు ఒప్పుకుంటే నవ్వినదాన్ని నేనే. అది వాడితో చెప్పాను. "పోనీలే అక్కా, నా తప్పు నీ మీద వేసుకోకు" అన్నాడు. అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు వాడి జీతం ఖాతా మరదలు చూసుకుంటోంది.

మొన్న కనుమకి పేక తియ్యాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, వాడే దుప్పటి పరిచాడు. మా అమ్మాయి పంచింది. మూడో ఆటలో ముక్కలు సర్దుకుని చూసుకున్నాడు. రెండు జోకర్లున్నాయిట, లైఫ్ జాడే లేదుట. పదమూడూ బోర్లించి, "డ్రాప్" అన్నాడు.

మా అమ్మాయి నవ్వబోయింది. నేను దాని మోకాలు మీద చెయ్యి వేసి, నోటుబుక్కులో వాడి పేరు కింద 20 అని రాశాను.