స్థానబలము

పెద్ద సంఖ్యల గుణకారమును జూచి బెదరు బాలురు పెక్కుమంది కలరు. ఎక్కములు ఇరువదితో ముగియును. లెక్కలు మాత్రము అచ్చట ఆగవు. ఆ బెదరునకు మందును పూర్వులే చెప్పియున్నారు.

భాస్కరాచార్యుడు 1150వ సంవత్సరమున రచించిన 'లీలావతి' యందు 135ను 12 చేత గుణింపుమని యొక ప్రశ్న కలదు. ఆయన ఒక్క మార్గముతో తృప్తినొందలేదు. 12ను 8, 4గా విడదీసి గుణించిన 1080, 540 వచ్చును. వానిని కూడిన 1620. స్థానములను బట్టి 10, 2గా విడదీసిన 1350, 270 వచ్చును. కూడిన మరల 1620 యే. త్రోవలు వేరైనను చేరు ఊరొక్కటే.

అయినను విడదీయుటలో మెలకువ కావలెను. సంతలో ఒక రైతు కుమారుడు, గంప 47 రూపాయల చొప్పున 23 గంపల వంకాయలకు వెల కట్టెను. 47ను 2 చేత గుణించి 94, 3 చేత గుణించి 141 తెచ్చి, రెండును కూడి 235 అనెను. తండ్రికి చదువు రాదు. అనుభవము మాత్రము కలదు.

"పది గంపలకే 470 రూపాయలు గదా నాయనా! ఇరువది మూడింటికి 235 ఎట్లగును?" అని యాతడడిగెను.

బాలుడు సిగ్గుపడి పలకను మరల జూచెను. 23లోని 2 రెండు కాదు, ఇరువది. 47ను 20 చేత గుణింప 940. దానికి 141 కలుప 1081. ఒక్క సున్న విడుచుటచే 846 రూపాయలు, ఒక కుటుంబపు కష్టార్జితము, చేజారెడిది.

అంకె చిన్నదైనను దాని స్థానము గొప్పది. పెద్ద పనిని భాగములుగా విడదీయువాడు జంకడు. ఏ భాగము ఎచ్చటిదో మరువనివాడు తప్పడు.