డూపు లేదు... రీటేకు లేదు!

తెరమీద హీరోగారు మోటారు సైకిలుతో లారీ మీంచి అవతలికి దూకితే మనం ఏం చేస్తాం? ఈల వేస్తాం. కాగితాలు చింపి ఎగరేస్తాం. దూకింది హీరో కాదు, హీరో చొక్కా తొడుక్కున్న డూపు అని మనకి తెలుసు. తెలిసినా ఈల ఆగదు! అదే సినిమా మహత్యం.

కానీ డూపు లేకుండా, రీటేకు లేకుండా, కెమెరా ట్రిక్కు అసలే లేకుండా పొద్దుగూకింది మొదలు రాత్రిదాకా ఆట మీద ఆట ఆడే హీరోలు మన హైదరాబాదుకి ఏటా వస్తారు. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో చెక్కలతో కట్టిన పెద్ద బావి... దాని నిలువు గోడ మీద గిరగిరా తిరిగే మోటారు సైకిళ్లు... అదేనండీ, మౌత్ కా కువా! మృత్యుకూపం! పాతికేళ్లుగా నేను దానికి వీరాభిమానిని. కొందరు అభిమాన నటుడి సినిమా మొదటిరోజు మొదటి ఆట వదలరు. నేను జనవరి వస్తే బావి వదలను.

చిన్నాయన చెవి

ఈ పిచ్చి అంటించినవాడు మా చిన్నాయన. మాది సుచిత్ర. ఇప్పుడు ఫ్లాట్లూ ఫంక్షన్ హాళ్లూ కిక్కిరిసిన ఆ జంక్షన్‌లో నా చిన్నప్పుడు సాయంత్రమైతే లారీల మోతే ఎక్కువ. చిన్నాయన జీడిమెట్లలో ఒక వర్క్‌షాపులో లేతు మీద పనిచేసేవాడు. ఆయనకో యెజ్డీ ఉండేది. గేరు రాడ్‌నే వెనక్కి తిప్పి కిక్కు కొట్టే బండి! అది రిపేరులో ఉన్నప్పుడల్లా, అంటే చాలాసార్లు, మేడ్చల్ నుంచి వచ్చే 229 బస్సే మాకు దిక్కు. సికింద్రాబాదులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని నాంపల్లి చేరేవాళ్లం.

మొదటిసారి 1999 జనవరిలో వెళ్లాను. ఇనుప మెట్లెక్కి పైకి పోతే బావి అంచు. కిందికి చూస్తే ఓ మనిషి బీడీ తాగుతూ బండి చైను చూసుకుంటున్నాడు. బక్కపల్చటి మనిషి. హీరో పర్సనాలిటీ బొత్తిగా లేదు. 'ఈయనేనా?' అని నీరసపడ్డాను. బీడీ పారేసి బండి స్టార్ట్ చేశాడు చూడండి... సైలెన్సర్ తీసేసిన బండి! కాళ్ల కింద పలకలు వణికాయి. అడుగున వాలుగా కట్టిన చెక్కల మీద రెండు చుట్లు, అంతే! గోడెక్కేశాడు. నిలువు గోడ మీద అడ్డంగా మనిషి! చేతులు వదిలేశాడు. కాళ్లు రెండూ ఒకే వైపు వేసుకుని సోఫాలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. జనం చాపిన పది రూపాయల నోట్లు లాక్కుపోయాడు!

నేను నోరు తెరిచి చూస్తుంటే చిన్నాయన మాత్రం కళ్లు మూసుకున్నాడు.

"సూసుడు కాదురా, ఇనాలె. ఇగో, లావు గొంతు యెజ్డీది. గా సన్న గొంతు ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌ది. గొంతు మారిందంటే స్పీడు తగ్గినట్టే. ఆయన కండ్లతోని కాదు, చెవులతోని నడుపుతున్నడు" అన్నాడు.

నిజమే! గోడ మీద తిరిగేవాడికి స్పీడో మీటరు చూసుకునే తీరిక ఎక్కడిది?

బకెట్టులో నీళ్లు

ఇంటికొచ్చాక సందేహం. పడిపోడేం? చిన్నాయన సగం బకెట్టు నీళ్లు పట్టి, తలమీదుగా గిర్రున తిప్పాడు. చుక్క కారలేదు. "మెల్లగ తిప్పితే తల మీదనే పోస్తది" అన్నాడు. అంతే సైన్సు!

కాలేజీలో చేరాక కాగితం మీద లెక్క కట్టి చూసుకున్నాను. బావి మధ్యనుంచి గోడకి 6 మీటర్లు అనుకుందాం. టైరుకీ చెక్కకీ పట్టు బాగానే ఉన్నా, గంటకి సుమారు 30 కిలోమీటర్ల లోపు పడితే బండి కిందికి జారుతుంది. 45 దగ్గర తిరిగితే గోడ నెట్టే నెట్టుడు రైడరు బరువుకి రెండున్నర రెట్లు దాటుతుంది. అంటే 60 కిలోల మనిషి 150 కిలోల మనిషైపోతాడు! తలలో రక్తం కాళ్లలోకి దిగుతుంది. ఆ స్థితిలో నవ్వుతూ మన చేతిలో నోటు అందుకోవడం... ఏ ఫైట్ మాస్టరు కంపోజ్ చేయగలడు చెప్పండి?

మనకి బావి, వాళ్లకి బూడిద ట్రాకు

ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకునేవాణ్ణి. ఇంగ్లండులో మనకి అన్నదమ్ములున్నారని తర్వాత తెలిసింది. అక్కడి ఆట పేరు స్పీడ్‌వే. 1928 ఫిబ్రవరి 19న ఎసెక్స్‌లోని హై బీచ్ అనే చోట జరిగిన పోటీతో అక్కడ దీనికి ఊపొచ్చింది. 500 సీసీ బండి, ఒకటే గేరు, పెట్రోలు బదులు మెథనాల్, బ్రేకులు అసలే ఉండవు! నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, అంతా ఎడమ చేతి మలుపే. వెనక చక్రం పక్కకి జారుతూ ఉంటే ముందుకి దూసుకుపోవాలి. నిమిషంలో పందెం ఖతం! ఆ మరుసటి ఏడు 1929లోనే మన బావి లాంటి 'వాల్ ఆఫ్ డెత్' అక్కడి సౌతెండ్ వినోదశాలకి చేరింది. కవల పిల్లలన్నమాట!

ఇంకో చుట్టరికం వినండి. మన యెజ్డీకి అమ్మమ్మగారిల్లు చెకోస్లోవాకియాలోని జావా కంపెనీ. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు మొదట జావా పేరుతోనే బళ్లు చేసి, తర్వాత యెజ్డీ అని పేరు మార్చారు. ఆ జావావాళ్ల స్పీడ్‌వే బళ్ల మీదే ఇంగ్లండు ట్రాకుల్లో ఎందరో పరుగులు తీశారు. చిన్నాయన బండికీ, వెంబ్లీ హీరోల బండికీ ఇంటిపేరు ఒకటే!

సినిమా పాఠకులకి నచ్చే కబురొకటి. 1981లో పాత వెంబ్లీ స్టేడియంలో జరిగిన చివరి ప్రపంచ ఫైనల్‌కి తొంభై వేలకు పైగా జనం వచ్చారట. గెలిచినవాడు అమెరికా కుర్రాడు బ్రూస్ పెన్‌హాల్. మరుసటి ఏడు లాస్ ఏంజెలిస్‌లో మళ్లీ గెలిచి, అక్కడితో పందేలకి నమస్కారం పెట్టి 'చిప్స్' టీవీ సీరియల్లో నటుడైపోయాడు! మన దగ్గర డూపులు హీరోలవాలని కలలు కంటారు. అక్కడ అసలు హీరోయే మేకప్ వేసుకున్నాడు.

ఇప్పుడా పాత వెంబ్లీ లేదు, కూల్చేశారు. వింబుల్డన్‌లో 2005తో స్పీడ్‌వే ఆగిపోయింది. కోవెంట్రీవాళ్ల బ్రాండన్ ట్రాకులో 2016 తర్వాత బండి తిరగలేదు. ఆట ఇంకా బతికే ఉంది, జనమే పలచబడ్డారు. అక్కడి పాత అభిమానులు స్కోర్ల కంటే ముందు వాసన గురించి మాట్లాడతారు... ఇంజన్‌లో కాలిన ఆముదం నూనె వాసన! చదివి నవ్వుకున్నాను. నాంపల్లిలో నేను ముక్కు ఎగబీల్చేదీ ఇంజనాయిలు కాలిన పొగ కోసమే కదా!

ఆ ఒక్క చుట్టు

అంతా సరదాగానే చెప్పుకొస్తున్నాను గానీ, సరదా కాని ముచ్చట ఒకటి ఉంది. కొన్నేళ్ల కిందట మావైపు ఒక జాతరలో బావి వేస్తే వెళ్లాను. రెండు బళ్లు తిరుగుతున్నాయి. ఒకదాని గొంతు ఒక్కసారి సన్నబడింది. చిన్నాయన నేర్పిన చెవి కదా, నాకు ముందే తెలిసింది. తెలిసి ఏం లాభం? కళ్లు మూసి తెరిచేలోగా ఆ కుర్రాడు అడుగున ఉన్నాడు. కాలు విరిగింది. మోసుకుపోయారు. అరగంటలో తర్వాతి ఆటకి టికెట్లు మొదలయ్యాయి. క్యూలో జనం తగ్గలేదు, పెరిగారు!

నన్ను కలవరపెట్టింది అదే. మనం డబ్బిచ్చేది ఆయన పడకుండా తిరుగుతున్నందుకా? పడతాడేమోనన్న ఆశకా? రెండేళ్లు బావి ముఖం చూడలేదు. జనవరిలో స్నేహితులు రమ్మన్నా ఏదో వంక చెప్పి తప్పుకున్నాను.

మూడో ఏడు ఆటల మధ్య విరామంలో ఒక పాత రైడరుతో చాయ్ తాగుతూ ఈ మాటే అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, హిందీలో చెప్పినదాని సారాంశం ఇది: "మీరు రాకపోతే మా ప్రమాదం తగ్గదు సాబ్, మా కూలి తగ్గుతుంది."

కొడుకు ఈ పనిలోకి వస్తాడా అంటే తల అడ్డంగా ఊపాడు. పట్నంలో బండి మీద భోజనాలు అందిస్తున్నాడట. "వాడివీ రెండు చక్రాలే. కానీ వాడి గురించే నాకు భయం. మా గోడ మీద ఎదురుగా బస్సు రాదు కదా!"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఒకే రోజు రెండు రేసులు

2023 ఫిబ్రవరి 11. హైదరాబాదు చరిత్రలో పెద్ద రోజు. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం! 2.8 కిలోమీటర్ల ట్రాకు, 18 మలుపులు. ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అద్భుతమైన కార్లు, ఒప్పుకుంటాను. కరెంటు కార్లు కదా... పొగ లేదు, వాసన లేదు, ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. చిన్నాయన ఉంటే "గొంతు లేని పాటగాడురా" అనేవాడు.

ఆ సాయంత్రమే నాంపల్లి వెళ్లాను. గాంధీభవన్ మెట్రో స్టేషన్లో దిగితే ఎగ్జిబిషన్ పక్కనే. అక్కడ 1996లోనే తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ హండ్రెడ్, మూడు ఊళ్ల పాత సామాన్లు అతికించుకుని గోడెక్కుతోంది! మధ్యాహ్నం చూసిన డ్రైవర్లకి హెల్మెట్టు, నిప్పంటని సూటు, పక్కనే డాక్టర్లు. ఇక్కడ ఒంటిమీద పాత చొక్కా. ఆ కార్ల పందెం మరుసటి ఏడు రద్దయింది. బావి మాత్రం మళ్లీ వచ్చింది.

ఎన్నాళ్లు వస్తుంది? 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి చేరిన ఎగ్జిబిషన్ అది. 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదం చూసింది. 2021లో కరోనా వల్ల జరగనే లేదు. అన్నీ తట్టుకుంది. కానీ బావికి కావలసింది స్థలం కాదు, మనుషులు. తండ్రి బండి కొడుకు అందుకోకపోతే ఈ ఆట అక్కడితో సరి. అందుకోవాలని కోరడానికీ నాకు నోరు రాదు. హెల్మెట్టూ, బీమా, పడితే వైద్యం... ఇవి ఇచ్చాక అడగాల్సిన మాట అది.

కాబట్టి మిత్రులారా, వచ్చే జనవరిలో ఓ సాయంత్రం వెళ్లండి. సెల్‌ఫోన్ జేబులో పెట్టి ఒక్క నిమిషం కళ్లు మూసుకుని వినండి. నోటు చాపి, దగ్గరికి రాగానే వెనక్కి లాగి ఊరించకండి. ఆట అయ్యాక కిందికి దిగి ఆయన చేతికే ఇవ్వండి. ఈల మాత్రం గట్టిగా వేయండి. సినిమా హాల్లో మన ఈల తెరకి వినపడదు. ఇక్కడ హీరోకి వినపడుతుంది!