బీరింటి పేరంటం

సెలవులకు పట్నం వెళ్ళినవాళ్ళు ఏం చూస్తారు చెప్పండి? మా తరంవాళ్ళమైతే చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ, జంతువుల పార్కు, బిర్లా మందిరం. ఓపిక ఉంటే గోల్కొండ ఎక్కి దిగడం, లేకపోతే కిందే నిలబడి చప్పట్లు కొట్టి వచ్చేయడం. ఇవన్నీ మూడేసిసార్లు చూసేసినవాళ్ళకి కొత్తగా చూపించడానికి ఇంకేముంటుంది అనుకుంటూ ఉండగా, పోయిన డిసెంబరులో మా అమ్మాయి మాకోసం ఒక జాబితా తయారుచేసి పెట్టింది. “ఈసారి మీకు బీరు కాచే ఇళ్ళు చూపిస్తానమ్మా” అంది.

మా వారు పేపరు దించి నావంక చూశారు. నేను ఆయనవంక చూశాను. నలభై ఏళ్ళ కాపురంలో ఇంత ఏకాభిప్రాయంతో మేమిద్దరం ఎప్పుడూ చూసుకోలేదు.

మా అమ్మాయి కాపురం ఎర్రమంజిల్‌లో. పంజగుట్టకీ ఖైరతాబాదుకీ మధ్య ఆ పేరుతో మెట్రో స్టేషను కూడా ఉంది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఎర్రని గుట్ట మీద మేడ కట్టించుకున్నాడనీ, పారశీకంలో స్వర్గాన్ని ‘ఇరం’ అంటారు గనుక మన ‘ఎర్ర’కూ ఆ ‘ఇరం’కూ జోడీ కుదిరేట్టు ఆ పేరు పెట్టాడనీ చెబుతారు. 2019లో ఆ మేడ పడగొట్టి శాసనసభ కడదామనుకుంటే హైకోర్టు ఒప్పుకోలేదు. స్వర్గం అనే పేరున్న చోటు నుంచి నన్ను మా అమ్మాయి బీరు చూడడానికి తీసుకెళ్తుందని నవాబుగారు కలలో కూడా అనుకుని ఉండరు.

విషయమేమిటంటే, తెలంగాణలో 2015లో ఇలాంటి చిన్న చిన్న బీరు కార్ఖానాలకు నిబంధనలు చేసి అనుమతి ఇచ్చారు. హోటల్లోనే ఓ పక్క బీరు కాచి, ఆ పక్కనే బల్లల మీద పోసి ఇవ్వడమన్నమాట. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఇవి వెలిశాయి. మా అమ్మాయి జాబితాలో ప్రోస్ట్ అనీ, జీరో ఫార్టీ అనీ ఏవేవో పేర్లున్నాయి. ప్రోస్ట్ అంటే జర్మనీవాళ్ళు గ్లాసులు తాకించుకునేటప్పుడు అనే మాటట. మనం విస్తరి ముందు ‘గోవిందా’ అన్నట్టు కాబోలు.

“మీరేమీ తాగనక్కర్లేదు. ఎలా చేస్తారో చూద్దురుగాని. పైగా కారు కూడా వద్దు, మెట్రోలో వెళ్ళి మెట్రోలో వచ్చేద్దాం” అన్నాడు మా అల్లుడు. రక్తంలో నూరు మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే పోలీసులు పట్టుకుంటారనీ, ఈ నగరంలో రాత్రిళ్ళు నోట్లో గొట్టం పెట్టి ఊదించడం మామూలేననీ మా వారికి వివరించాడు. ఆయన జన్మలో ఊదవలసిన అవసరం రాని మనిషి. అయినా శ్రద్ధగా విన్నారు.

అమీర్‌పేటలో రైలు మారి పెద్దమ్మ గుడి స్టేషనులో దిగాం. ముందు అమ్మవారికి దణ్ణం పెట్టుకునే వెళ్దామన్నాను. మా అమ్మాయి నవ్వింది. “ఈ ప్రాంతంలో బోనాలప్పుడు అమ్మవారికి కల్లు సాక పోస్తారమ్మా. ఆవిడేమీ అనుకోదులే” అంది.

తీరా వెళ్ళి చూస్తే, చెప్పొద్దూ, అది నాకు వంటిల్లులాగే కనిపించింది. అద్దం గోడ వెనక నిలువెత్తు స్టీలు పీపాలు, గొట్టాలు, మీటర్లు. బీరు కాచే అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో, గుంటూరు యాస. “రండి ఆంటీ” అంటూ లోపలికి తీసుకెళ్ళాడు. (ఈ ఆంటీ అన్న పిలుపు నాకు బొత్తిగా నచ్చదు. అయినా ‘పిన్నిగారూ’ అనమని బీరు కార్ఖానాలో పోట్లాడలేం కదా.) బల్ల మీద గుప్పెడు గింజలు పోసి “ఇవి బార్లీ. నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, సన్నటి సెగ మీద ఎండబెడతారు” అన్నాడు.

“ఇదేముందయ్యా, మా రాగి మాల్టే కదా!” అన్నాను.

అతను ఒక్క క్షణం తెల్లబోయి, పెద్దగా నవ్వాడు. నిజమే చూడండి. పిల్లలకి పాలు మాన్పించేటప్పుడు మనం రాగులు రాత్రంతా నానేసి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, మొలకలు నలిపి రాల్చేసి, పిండి పట్టించడం లేదూ? మొలకెత్తేటప్పుడు గింజ తనలో ఉన్న పిండిని తనే తీపిగా మార్చుకునే సరంజామా సిద్ధం చేసుకుంటుందట. బీరుకైనా అంతే. ఆ మొలకగింజల్ని పగలగొట్టి, చెయ్యి కాలేటంత వేణ్ణీళ్ళలో, అంటే సుమారు 65 డిగ్రీల వేడిలో, ఓ గంటసేపు ఊరనిస్తే పిండంతా చక్కెరగా మారుతుంది. ఆ తియ్యనీళ్ళు వడకట్టి, హాప్స్ అనే పువ్వులు వేసి మరగబెడతారు. చేదు వాటిదే. చలి దేశాల్లో తీగలకు కాస్తాయట, మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. తరవాత చల్లార్చి ఈస్టు కలిపి వదిలేస్తారు. ఇడ్లీపిండి పులిసినట్టే, వారం రోజులో ఇంకా ఎక్కువో. వడకట్టాక మిగిలిన పిప్పి పశువులకు మంచి దాణా. మా ఇంట్లో గేదె ఉన్న రోజుల్లో అయితే ఓ బస్తా అడిగి తెచ్చుకునేదాన్ని.

హాప్స్ వెయ్యకముందు ఆ తియ్యనీళ్ళు చిన్న గ్లాసుల్లో మాకు రుచి చూపించాడు. నోట్లో పోసుకోగానే హార్లిక్స్! అచ్చంగా హార్లిక్స్. అదీ బార్లీ, గోధుమ మాల్టుతో చేసేదే కదా. మన రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో ఆ ఫ్యాక్టరీ పెట్టారు. అంటే ఇక్కడిదాకా వచ్చి పాలు కలిపితే పసిపిల్లలకూ, ఈస్టు కలిపితే పెద్దపిల్లలకూ అన్నమాట. మా వారు రెండో గ్లాసు కూడా పుచ్చుకుని, “ఇంతటితో ఆపేయొచ్చు కదయ్యా, ఇంకా కష్టపడడమెందుకు?” అన్నారు.

ఇదంతా వంటింటి విద్యలా అనిపించడానికి కారణం లేకపోలేదు. సుమేరు దేశంలో నాలుగువేల ఏళ్ళ నాడే బీరుకు నిన్‌కాసి అని దేవత, ఆడదేవతే. ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇళ్ళల్లో రొట్టెతోబాటు బీరూ ఆడవాళ్ళే చేసి, మిగిలింది అమ్ముకునేవారట. అమ్మకానికి ఉందని తెలియడానికి గుమ్మం ముందు ఓ కర్రకు చీపురులా ఆకుల కట్ట కట్టి నిలబెట్టేవారట. హాప్స్ కలిపితే సరుకు ఎక్కువరోజులు నిలవ ఉండడం, పెద్ద పెద్ద పీపాలు రావడం, లాభాలు పెరగడం... దాంతో క్రమంగా పని మగవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. మన పెళ్ళిళ్ళ వంటలు చూడండి, గాడిపొయ్యి దగ్గర ఆడది కనిపిస్తుందా?

బల్ల దగ్గర కూర్చున్నాక అసలు పరీక్ష వచ్చింది. మా అల్లుడు మామగారి ఎదుట మొహమాటపడి నిమ్మకాయ సోడా చెప్పాడు. మా అమ్మాయి మాత్రం నదురూ బెదురూ లేకుండా, చెక్కపలక మీద నాలుగు చిన్న గ్లాసులు తెప్పించింది. ఒకటి మబ్బుగా పచ్చగా ఉంది, ఒకటి రాగిరంగు, ఒకటి కాఫీ డికాక్షనులా నలుపు, ఒకటి మామిడిది. నేను అన్నీ వాసన మాత్రం చూశాను. పచ్చటిదాంట్లో అరటిపండు వాసన వస్తే “అరటిపండు వేశారా?” అన్నాను. వెయ్యరట, గోధుమ బీరులో ఆ ఈస్టు పుట్టించే వాసనే అదట.

“కోపం వచ్చిందామ్మా?” అంది మెల్లిగా.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మాది కావలి దగ్గర. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన సంగతి మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకుంటూ, ఆ వాచకంలో పాఠం చదివి, వర్ధినేని రోశమ్మగారి వెంట కదిలారు. ఆ రోజుల్లో సర్కారు సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లెపల్లెకూ వచ్చేది. దానికి వారుణి వాహిని అని ఎంత అందమైన పేరు! మంచినీళ్ళు లేని ఊళ్ళకి కూడా ఆ ప్యాకెట్లు ఠంచనుగా చేరేవి. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తెయ్యడం, అదంతా మీకు తెలిసిందే.

నాకు గుర్తొచ్చింది మాత్రం ఊరేగింపులు కాదు, మా అక్క. మా బావగారు ఉద్యోగస్తుడు, ఇస్త్రీ బట్టలు నలగనిచ్చేవారు కాదు. ఆయన తాగేది సారా కాదు, సీసాల్లోది. ఎక్కడ తాగేవారో, ఎవరితో తాగేవారో, ఎంత తాగేవారో అక్కకు ఏమీ తెలిసేది కాదు. రాత్రి పదకొండు దాకా అరుగు మీద కూర్చునేది. ఎవరైనా అడిగితే “ఆఫీసులో పని ఎక్కువ” అనేది. సారా మీద ఆడవాళ్ళు అక్క వీధిలోంచి నినాదాలు చేస్తూ వెళ్ళినరోజున, వాళ్ళింట్లో పాచిపని చేసే ఆమె ముందు వరసలో ఉంది. అక్క వీధి తలుపు వేసుకుంది. మేడలవాళ్ళం కదా, పరువు! వేసుకుని, పెరటి గుమ్మంలోంచి వాళ్ళందరికీ బిందెడు మజ్జిగ పంపించింది. 1999లో బావగారు పోయారు. కాలేయం చెడిపోయిందన్నారు. బయటికి మాత్రం ‘కామెర్లు’ అని చెప్పుకున్నాం.

“కోపం కాదులే. నీ జీతంతో నువ్వు, నీ మొగుడి పక్కన కూర్చుని, మా ఎదుట తాగుతున్నావు. దాచుకోవడం లేదు. అది చూస్తున్నాను. రెండోసారి తెప్పించకు మరి” అన్నాను. తెప్పించలేదు. పక్క బల్ల దగ్గర నలుగురు ఆడపిల్లలు ఎవరికో ప్రమోషను వచ్చిందని గోలగోలగా నవ్వుకుంటున్నారు. లేచేముందు ఫోన్లు తీసి ఎవరి వాటా వాళ్ళు చెల్లించారు. బిల్లు చూసి మా వారు మాత్రం, ఆ డబ్బుతో నెలకు సరిపడా కందిపప్పు వస్తుందని పైకే అన్నారు.

తిరిగి ఎర్రమంజిల్‌లో దిగి ఇంటికి నడుస్తూంటే సందు మొదట్లో ఒక వైన్ షాపు. దానికి ఆనుకుని రేకుల గది, అందులో నిలబడే తాగుతున్న మగవాళ్ళు. గది బయట, ఫుట్‌పాత్ అంచున ఒకామె భుజాన నిద్రపోయిన పిల్లతో నిలబడి ఉంది. మేం దాటిపోయేవాళ్ళమే. మా అమ్మాయే ఆగింది.

“ఎవరికోసమమ్మా?”

“మా ఆయన లోపలున్నడు. ఇయ్యాల కూలి పైసలొచ్చినయ్” అంది. గంటనుంచీ నిలబడే ఉందట.

మా వారు రిటైరైన హెడ్మాస్టరు. ఎవరికీ చెప్పకుండా తిన్నగా ఆ గదిలోకి వెళ్ళిపోయారు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చి, “వస్తానంటున్నాడమ్మా, ఇప్పుడే” అన్నారు.

ఆమె నవ్వింది. “గట్లనే అంటడు సారూ.”

ఇంటికెళ్ళేదాకా ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి జాబితాలో ఇంకా రెండు పేర్లు మిగిలి ఉన్నాయి గాని, మర్నాడు తనే మాట మార్చి మమ్మల్ని నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్‌కు తీసుకెళ్ళింది. నీరా అంటే చెట్టునుంచి దించగానే పులవనివ్వకుండా చల్లగా ఉంచిన తాటినీరు, ఈతనీరు. మా వారికి బ్రహ్మాండంగా నచ్చింది. ఇక్కడ మాత్రం కందిపప్పు లెక్క చెప్పలేదు.

ఆ రాత్రి కావలికి అక్కకు ఫోను చేశాను. డెబ్బై ఎనిమిదేళ్ళు, చెవులు మాత్రం ఖణీగా ఉన్నాయి. రాగి మాల్టు, హార్లిక్స్ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, “ఆ చోట ఆడవాళ్ళు కూడా కూర్చుంటారటే?” అంది.

“కూర్చుంటారక్కా. మొగుళ్ళ పక్కనే.”

“గ్లాసులు లెక్కపెట్టచ్చా?”

“బల్లమీదే ఉంటాయి కదా. పైగా బిల్లులో రాసి ఇస్తారు.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

“మీ బావ అలాంటి చోట తాగి ఉంటే నేనూ వెళ్ళి ఎదురుగా కూర్చునేదాన్నే. ఎన్ని తాగారో లెక్కయినా తెలిసేది” అంది. తరవాత మామూలు గొంతుతో, “సరేగాని, ఆ బార్లీతో మన రాగుల్లాగే మాల్టు పట్టుకోవచ్చేమో ఆ కుర్రాణ్ణి కనుక్కున్నావా? నాకు రాగులు అరగడంలేదే” అంది.