దారింగ్‌బాడిలో డేరా కాపురం

ఇల్లు విడిచి సకుటుంబంగా రెండు రోజులు డేరాలో ఉండి రావాలంటే ఏ సామాను కావాలి, ఏది అక్కరలేదు అన్న సంగతి మేము రెండు ప్రయాణాల మీద నేర్చుకొన్నాము. మొదటి దానిలో తెలివితక్కువ పనులు చేశాము. రెండవ దానిలో వాటిని దిద్దుకొన్నాము. కారున్న కుటుంబాలు మన సంఘంలో ఇప్పుడు చాలా ఉన్నవి గనుక, ఎవరికైనా ఉపకరిస్తుందని వ్రాస్తున్నాము.

మాది తాతల నాటి నుండి బరంపురం కాపురం. గంజాం జిల్లా మదరాసు రాజధానిలో ఉన్నప్పుడు మా వాళ్లు ఇక్కడికి వచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనా ఇక్కడనే ఉండిపోయారు. మా నాన్నగారు ఉద్యోగరీత్యా కొండ ఏజెన్సీలో తిరిగేవారు. దారింగ్‌బాడిలో చలికాలం తెల్లవారేసరికి గడ్డిమీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకొంటుందని మాకు చెప్పేవారు. అమ్మకు ఒకసారి చూపిస్తానని అంటూనే ఆయన వెళ్లిపోయారు. అందుచేత 2022లో ఒక పాత కారు కొనగానే, డెబ్బై రెండేళ్ల అమ్మను ముందుగా అక్కడికే తీసుకుపోవాలనుకొన్నాము.

బరంపురం నుండి ఆసికా, సురడ మీదుగా దారింగ్‌బాడి సుమారు 120 కిలోమీటర్లు. సురడ దాటిన తర్వాత ఘాటీ ఎక్కాలి. ఊరు సముద్రమట్టానికి సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్నది. పైన్ చెట్లు, కాఫీ తోటలు, మిరియపు తీగలు చూడముచ్చటగా ఉంటాయి. మన ఋషికుల్య పుట్టినది కూడ ఆ కొండలలోనే.

ఆ డిసెంబరులో మేమిద్దరం, అమ్మ, పిల్లలిద్దరు, మా తమ్ముడు, మొత్తం ఆరుగురం బయలుదేరాము. ఆఫీసు అలవాటు కొద్దీ సామానుకు పెద్ద జాబితా వేశాము. రంగురంగుల దీపాలు, మాంసం కాల్చే ఇనుపచట్రం, తాడు ఉయ్యాల, బొమ్మలో బాగున్నవన్నీ కొన్నాము. డేరా మీద ‘ఆరుగురికి’ అని ఉన్నది గనుక ఒక్కటే తీసుకొన్నాము. పడకకు మాత్రం చాపలు, దుప్పట్లు చాలుననుకొన్నాము. అమ్మకు ప్రత్యేకంగా ఒక గాలిపరుపు కొని, ఎంతో శ్రద్ధ తీసుకొన్నామని సంతోషించాము.

ఒక తోటవారి అనుమతితో వారి ఖాళీ స్థలంలో డేరా వేశాము. ఆరుగురం పడుకొనేసరికి ఒకరు ఒత్తిగిలితే అందరూ ఒత్తిగిలవలసి వచ్చింది. రాత్రి పదకొండు దాటాక అమ్మ వణకడం మొదలుపెట్టింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పాము. “ఒరే నాన్నా, పైన బాగానే ఉందిరా. కిందనుంచి లాగేస్తోంది” అన్నది. మాకు అర్థం కాలేదు. వంటకు తెచ్చిన కుంపటిలో బొగ్గులు రాజేసి లోపల పెట్టి, డేరా తలుపు మూసుకొందామని తమ్ముడన్నాడు. మేమూ సరేనన్నాము.

కుంపటి ఎత్తేసరికి తోట కావలి ముసలాయన కేకవేస్తూ వచ్చాడు. “బాబూ, అది లోపల పెట్టి తలుపు కట్టుకొంటే పొద్దున్న మీలో ఎవరూ లేవరు” అని ఒడియాలో గట్టిగా అన్నాడు. బొగ్గులనుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పేపర్లలో చదివినదే. అయినా అమ్మ వణుకు చూసి మాకు ఆ చదువు గుర్తు రాలేదు. ఆయన పాక నుండి నాలుగు మోపులు వరిగడ్డి తెచ్చి జానెడు మందాన పరిచి, దానిమీద చాప, దుప్పటి వేయించాడు. గాలిపరుపు పక్కకు తీయించాడు. అరగంటలో అమ్మ నిద్రపోయింది. మాకు తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు.

మర్నాడు తిరిగి వచ్చేశాము. గడ్డిమీద మంచు ఆ రోజు పడలేదు. “ఇంక నన్ను పిలవకండర్రా, మీరు వెళ్లి రండి” అన్నది అమ్మ. ఆ మాట మమ్మల్ని ఏడాది పాటు బాధించింది.

తర్వాత నిదానంగా తెలుసుకొన్నాము. ఒంటిబరువుకు కింది దుప్పటి అణగిపోయి, దానిలోని గాలి పోతుంది. అప్పుడు నేల ఒంటివేడిని లాగుతుంది. ఉత్త గాలిపరుపులో గాలి లోలోపల తిరుగుతూ వేడిని నేలకు చేరవేస్తుంది. గడ్డిలో గాలి కదలకుండా నిలుస్తుంది గనుక వెచ్చన. కాబట్టి డబ్బు ముందుగా వీపు కింది వాటికి ఖర్చుపెట్టాలి. నేలమీద టార్పాలిన్, దానిపై దళసరి ఫోమ్ చాప, ఆపైన పాత చీరలతో కుట్టిన మన ఇంటి బొంత. ఈ మూడూ ఉంటే దీపాలు, ఉయ్యాలలు లేకపోయినా లోటు లేదు.

డేరా మీద వ్రాసిన సంఖ్య మనుషులను ఇరికించి వేసిన లెక్క. అందులోనుంచి ఇద్దరిని తీసివేయండి. చలి అని కిటికీలన్నీ మూయకూడదు. ఊపిరి తేమ గుడ్డకు పట్టి తెల్లవారేసరికి పక్కలమీద చుక్కలు పడతాయి. పై భాగాన కొంత తెరిచి ఉంచాలి. వల లేని డేరా కొనవద్దు. ఏజెన్సీలో మలేరియా భయం ఉన్నది. కొన్నది ముందుగా మేడమీద ఒకసారి వేసి చూసుకోవాలి.

మోకాళ్ల నొప్పులున్నవారికి మడతమంచం మేలు. నేలనుండి లేవడం తప్పుతుంది. అయితే మంచం కింద చలిగాలి ఆడుతుంది గనుక దానిపైనా ఫోమ్ చాప, బొంత ఉండాలి. కుర్చీకి చేతులుండాలి. రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పక్కలో పెడితే కుంపటి ఊసే అక్కరలేదు. వంటకు అయిదు కిలోల గ్యాసు, ఒంటిపొయ్యి చాలు. అదీ డేరా బయటనే. ఆ ఎత్తున నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది, పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది గనుక కుక్కరు మరువవద్దు. బరువులు కారులో అడుగున, తేలికవి పైన, డేరా అన్నిటికన్న చివర సర్దాలి. దిగగానే కావలసింది అదే.

2024 జనవరిలో మళ్లీ వెళ్లాము. రెండు డేరాలు, అమ్మకు మడతమంచం. మంచాన్ని ముందు మా ఇంటి మేడమీద వేసి, ఒక రాత్రి పడుకోబెట్టి, అమ్మ సరేనన్న తర్వాతే బయలుదేరాము. కావలి ముసలాయనకు ఒక ఉన్ని కంబళి పట్టుకుపోయాము. అమ్మే దానిని ఆయన చేతికిచ్చింది.

ఆ రాత్రి అందరం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాము. తెల్లవారుజామున అమ్మ మాకంటె ముందు లేచి కేకవేసింది. “లేవండర్రా! మీ నాన్న చెప్పిన ఉప్పు పడిందిరా!” శాలువా కప్పుకొని, చేతుల కుర్చీలో కూర్చొని, ఎండ వచ్చి ఆ తెలుపు కరిగిపోయేదాకా అటే చూస్తూ ఉన్నది. కాఫీ తెచ్చి ఇస్తే, చల్లారిన తర్వాత గాని తాగలేదు.

మీరూ జాబితా వ్రాసేటప్పుడు ఇంట్లో అందరికంటె పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని మొదలుపెట్టండి. వారికి సుఖంగా ఉంటే తక్కినవారికి ఎలాగూ ఉంటుంది.