చంకలో పాపాయితో డిస్నీ వరల్డ్

"ఏడు నెలల పిల్లకి మిక్కీమౌస్ ఏం తెలుస్తుందే?" అని అమ్మమ్మ అడగనే అడుగుతుంది. నిజమే, కానీ పెద్దవాడి బాల్యం ఆగదుగా! ఓర్లాండోకి ఎండాకాలం మాత్రం వద్దు: ఎండ, ఉక్క, మధ్యాహ్నం ఉరుముల వాన. మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్లున్నాయి. పాలివ్వడానికి చల్లటి గది, డైపర్ మార్చే బల్ల, మైక్రోవేవ్ అన్నీ అక్కడే. మేజిక్ కింగ్‌డమ్‌లో అది క్రిస్టల్ ప్యాలెస్ పక్కన ఉంటుంది.

పాపని ఎక్కనివ్వని రైడ్ల దగ్గర 'రైడర్ స్విచ్' అడగండి. నాన్న ఎక్కి వచ్చేదాకా అమ్మ పాపతో బయట. తర్వాత పొడుగు వరుస తప్పించుకుని అమ్మ వంతు. "మీరెళ్లండి, నేను చూసుకుంటాలే" అంటూ తల్లులు త్యాగం చేయకండమ్మా! 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' పడవలో అయితే పాపని ఒళ్లో పెట్టుకుని అందరూ కలిసే ఎక్కవచ్చు. ఇంటి నుంచి తెచ్చిన పప్పన్నం గేటు దగ్గర ఆపరు. గాజు డబ్బాలో మాత్రం పెట్టకండి.