ఇంజను మార్పు

ఇంటి బండికి ఇంజను చెడినదన్నచో స్త్రీలు ప్రక్కకు తొలగి, ఆ సంగతిని పురుషులకును మేస్త్రీలకును విడిచిపెట్టుట మనలో వాడుక. మాకట్టి వెసులుబాటు లేదు. మేమిద్దరము తోడికోడండ్రము. తెనాలిలో వంటచేసి, కేరేజీలలో భోజనము కార్యాలయములకు పంపుచుందుము. ఆ కేరేజీలను మోయు మారుతీ ఓమ్నీ బండియే మా జీవనాధారము. అది 2012లో తయారైనది. గత వేసవిలో దాని నీటిగొట్టము పగిలి, నీరంతయు కారిపోయి, ఇంజను వేడెక్కి బిగిసిపోయినది. విప్పి చూడగా సిలిండరు గోడలన్నియు గీతలు పడియుండెను. దానిని బాగుచేయించుటకంటె మరియొక పాత ఇంజను కొనుటయే మేలని మా మేస్త్రీ లెక్కకట్టి చెప్పెను. చీటీ పాడుకొన్న ముప్పదియైదు వేలు తప్ప మావద్ద వేరు ధనము లేదు. అది పనికిరాని ఇనుమున కర్పితమైనచో రెండవమారు కొను మార్గము లేదు.

విజయవాడ ఆటోనగరులో పాతబండ్లను విప్పి అమ్మువారు పెక్కుమంది గలరు. వారిలో నొకడు మారుతీ 800 కారునుండి తీసిన ఇంజనును చూపి, "అమ్మా, మీదీ ఎనిమిదివందల బండే, ఇదీ ఎనిమిదివందలే. కళ్లు మూసుకుని బిగించుకోవచ్చు" అనెను. వెలయు మా సంచికి తగియుండెను. మా తోడికోడలు మాత్రము, "ఐదు లీటర్ల కుక్కరు మూతలన్నీ ఐదు లీటర్ల కుక్కర్లన్నిటికీ పట్టునా?" అని అడిగినది. అతడు నవ్వెను గాని, ప్రశ్నకు సమాధానము చెప్పలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము మేమే వెదకికొంటిమి. రెండు బండ్లకును ఇంజను పరిమాణము 796 ఘనసెంటీమీటర్లే. సిలిండర్లు మూడే. ఎఫ్-8-బి యను వంశనామమును రెండింటికిని గలదు. ఐనను మారుతీ 800లో ఇంజను ముందుభాగమున అడ్డముగా నిలిచి, ముందుచక్రములను త్రిప్పును. ఓమ్నీలోనన్ననో ముందు సీట్ల క్రింద నిలువుగా పండి, పొడవైన కడ్డీ ద్వారా వెనుకచక్రములను త్రిప్పును. కావున పట్టుకొను కాళ్లు వేరు, గేరుపెట్టెతో కలియు ముఖము వేరు, అడుగున నూనె నిలుచు తొట్టి వేరు. ఇవన్నియు మార్చి అమర్చు నేర్పరులు లేకపోలేదు. ఆ కూలి మాత్రము ఇంజను వెలను మించును. ఇక ఆల్టోలో వచ్చిన ఎఫ్-8-డి యనునదియు 796 పరిమాణముదే. దానికి సిలిండరొక్కింటికి నాలుగు వాల్వులు. మా దానికి రెండే.

ఓమ్నీ ఇంజనే దొరికినను విచారణ ముగియదు. పాత ఓమ్నీలలో కార్బురేటరు పెట్రోలును గాలితో కలిపెడిది. దానికి పెట్రోలు నందించు పంపు ఇంజనునకే అతుకబడి యుండెడిది. తరువాతి బండ్లలో విద్యుత్పంపు టాంకులోనే యుండి, పెట్రోలును ఒత్తిడితో పంపును. ఎంత చిమ్మవలెనో, ఎప్పుడు చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు పెట్టె నిర్ణయించును. ఆ పెట్టెకు వార్తలు చేరవేయు సెన్సారులు ఇంజనుపై నుండును. అవి లేని ఇంజనును తెచ్చి మా బండిలో కూర్చుండబెట్టినచో, పెట్టె ఎవరిమాటయు వినలేక ఊరకుండును. అందుచేత సెన్సారులు, వాని ప్లగ్గులు, తీగల గుత్తులు మా పాత ఇంజనుతో ఒక్కొక్కటిగా సరిచూడుమని మేస్త్రీని కోరితిమి. పాత ఇంజనును గోనెపట్టాపై ప్రక్కనే పెట్టించి చూపించుకొన్నాము. ఫోనులో తీసిన బొమ్మలకంటె ఇనుము ప్రక్క ఇనుము నుంచి చూచుట మేలు. క్లచ్చిపళ్లెము మధ్యనున్న పండ్లు సైతము లెక్కించితిమి.

రెండవ అంగడిలో మా బండి కాలపు ఓమ్నీ ఇంజనే దొరికినది. నూనె పోయు మూత విప్పి చూడగా లోపల తెల్లని మీగడవంటిది లేదు. ఉన్నచో నీరు నూనెలో కలిసెనని గ్రహింపవలెను. పానాతో త్రిప్పగా ఎచ్చటను పట్టక తిరిగినది. మూడు సిలిండర్లలోను ఒత్తిడి కొలిపించితిమి. ఒక్కొక్కదాని సంఖ్య ఎంతయన్నదానికంటె, మూడును దాదాపు సమానముగా నున్నవా యన్నదే ముఖ్యమని మా మేస్త్రీ చెప్పెను. ఒకటి మాత్రమే పడిపోయినచో ఆ ఇంజను వలదు.

అన్నిటికంటె మమ్ము భయపెట్టినది కాగితము. బ్లాకుపై చెక్కిన సంఖ్య అరుగదీయబడి యున్నచో, అది దొంగబండిది కావచ్చును. వెల ఎంత తక్కువైనను తాకరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ననుసరించి ఇంజను మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావలెను. మార్పు జరిగిన 14 దినములలోపల తెలియజేసి, కొత్త సంఖ్యను పత్రములో వ్రాయించుకొనవలెను. ఆ సంఖ్య పత్రములో లేక, రేపు ప్రమాదము జరిగినచో, బీమావారితో వాదించు ఓపిక మావంటివారికెక్కడిది? అంగడివాడు మొదట చిల్లరకాగితముపై "పాత సామాను" అని మాత్రమే వ్రాసి ఇచ్చెను. ఇంజను సంఖ్యయు, అది ఏ బండినుండి తీసినదో ఆ బండి సంఖ్యయు వ్రాయువరకు మేము డబ్బు తీయలేదు. అర్ధగంట గడచినది. చివరకు విసుగుకొనుచు వ్రాసి ఇచ్చెను.

అనుమతి వచ్చువరకు పండ్రెండు దినములు కేరేజీలను ఆటోలో పంపితిమి. ఆ నెల మిగులేమియు లేదు. ఇప్పుడు బండి పదునొకండు గంటలకు యథాప్రకారము బయలుదేరుచున్నది. పాత ఇంజనును తూకమున కడుగుటకు ఇద్దరు వచ్చిరి గాని, కొత్త సంఖ్య పత్రములో ఎక్కువరకు దానిని దొడ్డిలోనే ఉంచి, ఆ తరువాతనే ఇచ్చివేసితిమి.