మూతి వరకు నిండినా లోపల వెలితి



ఎండాకాలములో రోడ్డు ప్రక్కన బానెట్టు ఎత్తి, ఆవిరి చిమ్ముతున్న బండి ఎదుట దిగులుగా నిలుచున్న వారిని మనము చూస్తూనే ఉంటాము. దారిన పోయేవారు "నీళ్లు పొయ్యండి, అదే సర్దుకుంటుంది" అని చెప్పి వెళ్లిపోతారు. నీళ్లు పోయుట మంచిదే. కాని పోసిన నీరు చేరవలసిన చోటికి చేరకుండా అడ్డుపడేది ఒకటి ఉన్నది. అది లోపల చిక్కుకున్న గాలి.

పొలానికి నీరు పెట్టే రైతులకు ఈ సంగతి క్రొత్త కాదు. పంపు గాలి పట్టినప్పుడు మోటారు గిర్రున తిరుగుతుంది గాని చుక్క నీరు రాదు. కారు ఇంజనులోనూ అంతే. వాటర్ పంపు ఇంజను చుట్టూ నీటిని త్రిప్పుతుంది. ఆ నీరు వేడిని మోసుకొని రేడియేటరుకు వచ్చి, చల్లబడి, మరల లోపలికి పోతుంది. దారిలో గాలి బుడగ నిలిచిపోతే ప్రవాహము తగ్గుతుంది. గాలి ఉన్నచోట ఇనుముకు నీరు తగలదు, వేడి దిగదు.

మా సంఘమునకు ఒక పాత బండి ఉన్నది. ఆదివారము ముసలివారిని ఆరాధనకు తెచ్చేది, రాత్రివేళ నొప్పులు పడే తల్లులను ఆసుపత్రికి చేర్చేది అదే. 2023 వేసవిలో ఒక షాపులో దాని హోసు పైపు మార్చి, నీళ్లు నింపి ఇచ్చారు. మూడవ రోజున నర్సీపట్నము నుండి చింతపల్లి వైపు ఘాటు ఎక్కుతుండగా, లంబసింగి ఇంకా రాకమునుపే మీటరు ముల్లు ఎర్రగీతను తాకినది. బండిలో ఇద్దరు చంటిబిడ్డల తల్లులున్నారు. వెంటనే బండి ఆపి, అందరినీ చెట్టు నీడకు పంపాము.

మాతో వచ్చిన డ్రైవరు అన్న మొదట చెప్పిన మాట, "మూత మీద ఎవరూ చెయ్యి వేయకండి" అని. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వలన నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తీస్తే ఒక్కసారిగా మరిగి ముఖము మీదికి చిమ్ముతుంది. కనుక గంటకు పైగా ఆగాము. చల్లారిన తరువాత దళసరి గుడ్డ వేసి మెల్లగా తీసి చూస్తే, నీరు మూతి వరకు నిండుగానే ఉన్నది!

మరి లోపమెక్కడ? బెల్టు బిగువుగా ఉన్నది, ఫ్యాను తిరుగుతున్నది, కారుడు లేదు. అయితే దారిలో డ్యాష్‌బోర్డు వెనుక గుడగుడమని శబ్దము వినిపించినది. హీటరు పూర్తిగా తిప్పితే చల్లగాలి వచ్చినది. ఇంజను కాగిపోతుండగా హీటరు చల్లగా ఉన్నదంటే, వేడినీరు అక్కడికి చేరుట లేదన్నమాట. థర్మోస్టాటు అనే చిన్న తలుపు ఇంజను వేడెక్కితేనే తెరుచుకుంటుంది. అది మూసి ఉండగా నీరు పోస్తే రేడియేటరు నిండుతుంది గాని, దాని వెనుక చిక్కిన గాలి బయటికి రాదు.

బండి ముందు భాగము ఎత్తుగా ఉండునట్లు నిలిపాము. రేడియేటరు మూతి అన్నిటికంటె పైన ఉంటే గాలి అటే వస్తుంది. హీటరు పూర్తి వేడికి పెట్టి, మూత తీసి ఉంచి, ఇంజనును స్లోలో నడిపించాము. కొంతసేపటికి థర్మోస్టాటు తెరుచుకొని బుడగలు పైకి వచ్చినవి, నీటిమట్టము దిగినది. డబ్బాలోని నీరు కొద్దికొద్దిగా పోశాము. నిండుగా కనిపించిన ఆ రేడియేటరు ఇంచుమించు ఒకటిన్నర లీటరు త్రాగినది! బుడగలు ఆగి, హీటరు వేడిగాలి ఇచ్చిన తరువాతనే మూత బిగించాము. అందరూ క్షేమముగా ఇల్లు చేరారు. తరువాత ఆ నీరు తీసివేసి సరైన పాళ్లలో కూలెంటు పోయించాము.

ఒక హెచ్చరిక. బుడగలు ఎంతకీ ఆగకపోయినా, కారుడు లేకుండానే నీరు తరుగుతున్నా, తెల్లని పొగ వస్తున్నా, ఆయిలు పాల టీ రంగుకు మారినా హెడ్ గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చును. అప్పుడు బండి నడపరాదు. మరొక మాట. వేడిని కొలిచే సెన్సారు గాలిలో మిగిలిపోతే ముల్లు తక్కువగా చూపవచ్చును. ముల్లు దిగినంత మాత్రాన ఇంజను చల్లబడినదని నమ్మరాదు.

ప్రియులారా, మన కుటుంబములును ఇట్లే ఉండవచ్చును. ఆరాధన తప్పదు, కానుక తప్పదు, కుటుంబ ప్రార్థన తప్పదు. పైకి మూతి వరకు నిండుగానే ఉంటాము. లోపల మాత్రము గట్టు తగాదాతో అన్నదమ్ముల మధ్య చిక్కుకున్న మౌనమో, అత్తాకోడళ్ల మధ్య ఏండ్ల నాటి మాటో ఉంటుంది. ఆ గాలి పోకుండా ఎన్ని ప్రసంగములు పోసినా లోనికి దిగవు. దానిని కోపము మీద తెరిస్తే ఇరువురికీ కాలుతుంది. చల్లారనిచ్చి, ఓపికతో, కొద్దికొద్దిగా తెరవాలి. మన మనస్సాక్షి అనే ముల్లు కూడ ఒక్కొక్కప్పుడు తప్పు చూపుతుంది. అందుకే 139వ కీర్తనలో దావీదు తన్ను పరిశోధించుమని దేవునినే వేడుకొన్నాడు.

ప్రయాణమునకు ముందు, ఉదయము ఇంజను చల్లగా ఉన్నప్పుడే, ఒక్క నిమిషము మూత తీసి చూడండి. మీ బండి ఎక్కేవారు ప్రభువు మీ చేతికి అప్పగించిన ప్రాణములు.